పండుగనాటి గృహాలంకారము

పండుగ వచ్చుచున్నదనగానే ఇల్లాలికి రెండు చింతలు కలుగును. ఒకటి వంట, రెండవది ఇల్లు. వంటమాట స్త్రీల పుటలలో తఱచుగా వచ్చుచునే యున్నది గనుక నేడు దానిని ప్రక్కనుంచి ఇంటిమాట చెప్పదలచితిని.

మాది వరంగల్లు. మావారు ఉపాధ్యాయులు. నెల మొదట వచ్చిన జీతము పాలకు, బియ్యమునకు, పిల్లల చదువునకు పంచుకొనగా నెల చివరకు మిగులునది స్వల్పము. పెత్రమాస మొదలు కార్తికపూర్ణిమ వఱకు నెలన్నర దినములు మనకు పండుగపై పండుగ. ఈ దినములలో ఇంటిని అందముగా నుంచుట యెట్లు? చేతిలోని పైకము చెడకుండుట యెట్లు? పండుగ గడచిన మరునాడు వీధిలో చెత్తకుప్ప పెంచకుండుట యెట్లు? ఈ మూడు ప్రశ్నలకు మా యింట దొరకిన సమాధానమును మీ యెదుట పెట్టుచున్నాను. ఇది పాండిత్యము గాదు. తప్పు చేసి నేర్చుకొన్న పాఠము.

అమ్మాయి కోరిక

2024వ సంవత్సరము అక్టోబరు నెల నడిమి దినములలో పండ్రెండేండ్ల మా యమ్మాయి బడినుండి వచ్చి, పుస్తకాలసంచి దింపకమునుపే, "అమ్మా, ఈసారి మనింట్ల గూడ హాలోవీన్ జేద్దామా?" అని యడిగెను. క్రిందటి యేడు తన స్నేహితురాలి యింట చేసిరట. గుమ్మమునకు నల్లని సాలెగూడు, గోడకు ఎముకల బొమ్మలు, మేడమెట్లమీద గుమ్మడికాయల యాకారము గల దీపములు. అన్నియు ప్లాస్టిక్కుతో చేసినవే. ఈ యేడు స్నేహితురాండ్రందఱు తమ తమ యిండ్ల ఫొటోలు తీసి యొకరికొకరు చూపుకొనవలెనని ఒప్పందము చేసికొనిరట. మావారు అంగడికి పోయి విచారింపగా ఆ సామాను మొత్తమునకు 1,850 రూపాయలు చెప్పిరి. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి ఆయన నావైపు చూచిరి. నేను బియ్యపుడబ్బావైపు చూచితిని.

"వద్దు" అనుట సులభమే. "అది మన పండుగ గాదు" అని గద్దించుట మఱింత సులభము. కాని పదిమంది పిల్లలలో తానొక్కతె చిన్నబోవునేమో యన్న భయము ఆ బిడ్డ కన్నులలో కనబడుచుండెను. అదియుగాక, గద్దించు అధికారము ఆనాడు నాకు లేకుండెను. కారణము చెప్పెదను.

నా తప్పు

ఆ నెల 10వ తేదీన సద్దుల బతుకమ్మ. ఆ పండుగకే నేను అంగడినుండి ప్లాస్టిక్కు మామిడాకుల తోరణమొకటి, థర్మాకోలుతో చేసిన పెద్ద కమలమొకటి కొని తెచ్చితిని. "ఏటేట ఆకులు కోసి గుచ్చే కష్టం ఎందుకమ్మా, ఒక్కసారి కొంటే పదేండ్లు వస్తది" అని అంగడివాడు చెప్పగా నమ్మితిని. ఆ సాయంకాలము వాన కురిసినది. గాలికి కమలము గోడనుండి యూడి పడి పగిలినది. తెల్లని గింజలు వాకిలియంతయు పఱచుకొని, నీటితోపాటు మోరీలోనికి పోయినవి. ఎన్నిసార్లు ఊడ్చినను చీపురుకు చిక్కినవి కావు. తోరణము సగము తెగినది. దానిని చుట్టి వీధిమూలనున్న చెత్తలో వేసితిని.

మరునాటి యుదయమున మాకు పాలుపోయు ఆమె బఱ్ఱె ఆ తోరణమును నములుచుండెను. ఆమె పరుగెత్తి వచ్చి దాని నోటిలో చేయిపెట్టి లాగినది. సగమే వచ్చినది. "ఇది కడుపుల్నే ఉంటదమ్మా, బయటికి రాదు. మనకు పాలిచ్చే దానికి గిట్లనా పెట్టేది?" అని యామె నాతో ననెను. గట్టిగా కూడ ననలేదు. నాకు మాట రాలేదు. బఱ్ఱె బ్రదికినది. కాని మూడుదినములు సరిగా మేత ముట్టలేదు. ఆ మూడుదినములు మా యింటి పాలగిన్నె చూచినప్పుడెల్ల నాకు ఆ తోరణమే కనబడెను.

అలంకారమునకు వాడు థర్మాకోలును 2022వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి మన దేశమంతట నిషేధించిరని తరువాత మావారు చెప్పిరి. నిషేధించినదానిని వారు అమ్మిరి, నేను కొంటిని. కనుక ఒకరి పండుగను తప్పుపట్టుటకు ముందు నా గుమ్మము నేను చూచుకొనవలసి యుండెను.

అందువలన అమ్మాయిని ఒక్క ప్రశ్న మాత్రమే యడిగితిని. "వాళ్లింట్ల పండుగైనంక మరునాడు ఆ బొమ్మలన్నీ ఏమైనయి?"

"చెత్తబండిల వేసిండ్రు."

"మన పాలామె బర్రె యాదున్నదా?"

అమ్మాయి కొంతసేపు పలుకలేదు. తరువాత, "మరి ఎట్ల జేద్దాం?" అని యడిగెను. "వద్దు" అనలేదు, "ఎట్ల" అన్నది. ఆ ప్రశ్న నాకు మేలు చేసినది.

ఆ పండుగ పుట్టుక

హాలోవీన్ అనునది అక్టోబరు 31వ తేదీ సాయంకాలపు వేడుక. మరునాడు, నవంబరు 1, క్రైస్తవులకు సకల పరిశుద్ధుల దినము. ఆపై దినము మృతులను స్మరించు దినము. అంతకు పూర్వము ఐర్లండు, స్కాట్లండు దేశములలోని కెల్టు జాతివారు కోతలు ముగిసి శీతకాలము ప్రవేశించు ఆ వేళ ఒక పండుగ చేసికొనుచుండిరి. ఆ రాత్రి చనిపోయినవారి లోకమునకు, మన లోకమునకు నడుమనున్న తెర పలుచబడునని వారి నమ్మిక. ఐర్లండు బీదరైతులు చేతికందిన టర్నిప్పు దుంపలను తొలిచి, వికారమైన ముఖములు చెక్కి, లోపల దీపముంచి గుమ్మమున పెట్టుచుండిరి. 19వ శతాబ్దమున వారు అమెరికాకు వలసపోయినప్పుడు, ఆ దేశపు గుమ్మడికాయ దుంపకంటె పెద్దది, తొలుచుటకు మెత్తనిది గనుక దానిని చేపట్టిరి. చూచితిరా! నేడు సంచులకొలది ప్లాస్టిక్కు కొనిపించు ఈ పండుగ, పుట్టినప్పుడు పొలములో మిగిలిన దుంపతో, ఇంటిలోని దీపముతో కాలక్షేపము చేసిన బీదల పండుగ.

మనకు మాత్రము ఇది బొత్తిగా తెలియని భావమా? భాద్రపద బహుళ అమావాస్యను మన తెలంగాణమున పెత్రమాస యందుము. ఆనాడు గతించిన పెద్దల పేర బియ్యమిచ్చి, వారిని తలచుకొని, సాయంకాలము ఎంగిలిపూల బతుకమ్మ నాడుదుము. దీపావళి యమావాస్యనాడు ఉల్కాదానమను నొక విధి ధర్మశాస్త్ర గ్రంథములలో కలదు. మహాలయమున మన యిండ్లకు వచ్చిన పితృదేవతలకు తిరిగిపోవు త్రోవ కనబడుటకై దివిటీలు చూపుటయే దాని యర్థము. కోస్తా జిల్లాలలో పిల్లలు గోగుకాడలకు గుడ్డవత్తులు చుట్టి, వెలిగించి త్రిప్పు ఆచారము ఆ విధిలోనిదే. చీకటిపడు ఋతువులో గతించినవారికి గుమ్మమున దీపము చూపుట అచటను కలదు, ఇచటను కలదు.

ఇంకొక వింత వినుడు. మనము బతుకమ్మకు, దసరాకు రాసులు పోయు బంతిపువ్వు మెక్సికో ప్రాంతమున పుట్టినది. ఐరోపావారి ఓడలతో మన దేశమునకు వచ్చినది. ఆ మెక్సికోలో నేటికిని నవంబరు 1, 2 తేదీలలో మృతుల పండుగనాడు, గతించినవారు ఇల్లు గుర్తుపట్టి రావలెనని బంతిరేకులతో త్రోవ పోయుదురు. మన కూరగుమ్మడి సైతము అమెరికా ఖండమునుండి వచ్చినదే. మనము ఇంటిముందు దిష్టికి కట్టు బూడిదగుమ్మడి మాత్రము ఆసియా ఖండమునదే. పూవునకు, కాయకు ఎల్లలు లేవు. అవి ఏ దేశమున నున్నను పండుగ తీరినపిమ్మట మట్టిలో కలియును. ప్లాస్టిక్కునకు ఆ మర్యాద తెలియదు.

2024లో మఱొక యోగము కూడినది. అక్టోబరు 31వ తేదీయే మనకు దీపావళి యైనది. కనుక ఒకే దీపము రెండు ముచ్చటలు తీర్చునని అమ్మాయితో ననగా ఆమె ముఖము విప్పారినది.

బతుకమ్మ నేర్పు పాఠము

పండుగ యలంకారమెట్లుండవలెనో మనకు క్రొత్తగా ఎవరును నేర్పనక్కఱలేదు. బతుకమ్మను చూచిన చాలును. వెదురు సిబ్బిలోనో, తాంబాళములోనో గుమ్మడాకులు గాని ఆముదపాకులు గాని పఱతుము. పూవులనుండి త్రుంచిన ఆకులను, కాడలను పాఱవేయక నడుమ నింపుదుము. అంచునుండి తంగేడు, గునుగు, బంతి, కట్ల, పట్టుకుచ్చు వరుస మీద వరుసగా పేర్చుచు పోయి, శిఖరమున గుమ్మడిపువ్వు నుంచి, పసుపుముద్దతో గౌరమ్మను నిలుపుదుము. ఆడి పాడినపిమ్మట చెఱువులో విడుతుము. సిబ్బి ఇంటికి వచ్చును, పసుపు పుస్తెలకు వచ్చును, పూవు నీటికి పోవును. మిగులునది పాట మాత్రమే.

హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడియెదుట ఎంగిలిపూలనాడును, పద్మాక్షిగుట్ట చెంత సద్దులనాడును మనవారు వేలకొలది కూడుదురు. ఎవరి బతుకమ్మ ఎంత ఖరీదని ఎవరును అడుగరు. ఎంత ఒద్దికగా పేర్చినదని మాత్రమే చూతురు. రెండవనాడు అటుకుల బతుకమ్మ గదా! మన బమ్మెర పోతనగారి భాగవతములో కుచేలుడు కొంగున కట్టుకొని పోయినవి అటుకులే. ఇచ్చినవాని మనసు చూచినవానికి పిడికెడు అటుకులే విందైనవి. అలంకారమునకు కూడ ఇదే న్యాయము.

ఒక్క జాగ్రత్త చెప్పవలెను. పూవులు తెచ్చిన ప్లాస్టిక్కు సంచులను, మెఱుపుపొడి చల్లిన అట్టపళ్లెములను బతుకమ్మతోపాటు నీటిలో వదలరాదు. ఆ మెఱుపుపొడి సాధారణముగా పొడిచేసిన ప్లాస్టిక్కే. చిన్న కుంటలలో పూలు సైతము మితిమీరి కుళ్లినచో నీరు చెడును. అట్టి తావుల మరునాడు పూలను తీయించి గుంతలో వేసినచో ఎరువగును.

ఇంటనున్న వస్తువులతో

ఇక మేము ఆ దీపావళికి చేసిన పద్ధతి చెప్పెదను. వీనిలో మీకు తెలియనివి కొన్నియే. మఱచినవి ఎక్కువ.

గడప. మట్టివాకిలి యున్నవారు పేడనీటితో సాన్పు చల్లి, అంచులకు జాజుపూసి, బియ్యపుపిండితో ముగ్గువేయుదురు. ఆ పిండి తెల్లవారువఱకు చీమలకు విందు. సిమెంటు వాకిలియైనను, మేడయిల్లైనను చింతింప బనిలేదు. పాత చెక్కపీటకు జాజు పూసి దానిమీద ముగ్గు దిద్ది గుమ్మము ప్రక్క నుంచవచ్చును. మేమట్లే చేసితిమి. దీపావళి తరువాత ఆ పీటయే తులసికోటముందు చేరినది.

తోరణము. మామిడాకులను వేపపుల్లలతో మడిచి గుచ్చి, నూలుత్రాటికి గాని తడిపిన అరటినారకు గాని కట్టవలెను. నడుమ నడుమ బంతిపూలు. కోతల కాలము గనుక దొరకినచో వరికంకులను కుచ్చుగా అల్లి గుమ్మమునకు వ్రేలాడదీయుడు. అంతటి యందము ఏ అంగడిలోను దొరకదు. మా యింటి కుచ్చును పిచ్చుకలు వారము దినములలో ఖాళీచేసినవి. మిగిలిన గడ్డి బఱ్ఱెకు పోయినది. ఆ బఱ్ఱెకే.

రంగులు. పసుపులో సున్నపుతేట కలిపినచో ఎఱుపు వచ్చునని మనకందఱకు తెలియును. శంఖుపూలను వేడినీట నుంచినచో నీలము, దానిలో నిమ్మరసము పిండినచో ఊదావన్నె. బీట్‌రూట్ ఉడికించిన నీటిలో గునుగుపూల కొనలు ముంచినచో గులాబివన్నె కొంతవఱకు పట్టును. ఇవి రసాయనపు రంగులవలె మెఱయవు, ఎండకు త్వరగా వెలయును. రెండుదినముల పండుగకు రెండుదినములు నిలుచు రంగు చాలును.

సాలెగూడు. ఇది అమ్మాయికి ముఖ్యమైన కోరిక. అంగడిలో దొరకు సన్ననిపోగుల సాలెగూళ్లలో చిన్నపక్షులు, పురుగులు చిక్కుకొని చచ్చును. ఏనుమాముల మార్కెట్టునకు బండ్లకొలది ప్రత్తి వచ్చు మన వరంగల్లులో దారమునకు కొఱతయా? ముతక నూలుకండె యొకటి తెచ్చి, గుమ్మము ప్రక్కనున్న కిటికీచువ్వలకు ఎడముగా కట్టి తండ్రీబిడ్డలు గూడు నేసిరి. పండుగ కాగానే విప్పి మరల చుట్టితిమి. కార్తికపూర్ణిమనాడు వెలిగించిన 365 వత్తులలో ఆ నూలు చాలవఱకు చేరినది. సాలెగూడు దీపమైనదని అమ్మాయి తన స్నేహితురాండ్రకు చెప్పుకొన్నది.

భయపెట్టు బొమ్మ. దీనికి మన పొలములే గురువులు. మసిపట్టిన పాతకుండకు సున్నముతో కన్నులు, పండ్లు దిద్ది, మావారి చినిగిన చొక్కాలో వరిగడ్డి కూరి, కఱ్ఱకు తగిలించి దిష్టిబొమ్మను నిలిపితిమి. వీధిపిల్లలు చీకటివేళ దానిముందు ఒకరినొకరు త్రోసికొని కేకలు వేసిరి. కొనితెచ్చిన ఎముకలబొమ్మ అంతకంటె ఏమి చేయును? పండుగ తరువాత కుండ పెరటి బీరపాదు ప్రక్కకు పోయినది. నేటికిని అచటనే యున్నది.

గుమ్మడిదీపము. రెండుకిలోల లోపు గట్టికాయను తీసికొనవలెను. మా యత్తగారి యాచారమున గుమ్మడికాయకు తొలికత్తి ఆడువారు పెట్టరాదు. కనుక మావారే శాస్త్రోక్తముగా కత్తిపెట్టి, తొడిమచుట్టు మూతవలె కోసి యిచ్చిరి. తరువాత గరిటెతో లోపలి గుజ్జు, గింజలు తీసి, గోడ వ్రేలెడు మందముంచి, బొగ్గుతో ముఖము గీసి, ఆ గీతవెంబడి కోయవలెను. మన యుక్కకు కోసినకాయ రెండుమూడు దినములకంటె నిలువదు గనుక పండుగనాటి యుదయమే కోయుట మేలు. లోపల చిన్న మట్టిప్రమిద నుంచి, పొగ పోవుటకు మూత తీసియే యుంచవలెను. తెరలకు, ఎండుటాకుల తోరణమునకు దూరముగా పెట్టవలెను. దీపము చెంత పిల్లలను ఒంటరిగా విడువరాదు. పరికిణీ కొంగులు కాపాడుకొనవలెను. గుజ్జు ఆనాడే పులుసైనది. గింజలు కడిగి యెండబెట్టి వేయించితిమి. మరునాడు మసిపట్టిన భాగము తీసివేసి, మిగిలిన డొప్ప ముక్కలుచేసి పశువునకు పెట్టితిమి.

గుమ్మడి దొరకనిచోట చిల్లులకుండ చాలును. గుజరాతునందు నవరాత్రులలో చిల్లులుగల కుండలో దీపముంచి దానిచుట్టు స్త్రీలు నర్తింతురు. గర్బా యనుపేరు ఆ కుండనుండి వచ్చినదే. కుండ ఏటేట పనికివచ్చును, పగిలినను మట్టియే.

వత్తులకు పాత నూలుచీరల అంచులు, తెఱలకు జరీ నిలిచిన పాతచీరలు, కూర్చుండుటకు మా యత్తగారు కుట్టిన బొంతలు. అత్తగారు బొంతలు పఱచుచు, "ఇన్నేండ్లు పెట్టెల దాచి, ఇప్పుడు తీసిండ్రా వీటిని?" అని నవ్విరి.

లెక్క

గుమ్మడికాయ 60 రూపాయలు, రెండుడజనుల ప్రమిదలు 80, నూలుకండె 40, నువ్వులనూనె 190, సున్నము, జాజు కలిపి 30. మొత్తము 400 రూపాయలు. ఇందులో నూనె, ప్రమిదలు దీపావళికి ఎట్లును కొనవలసినవే. మామిడాకులు, బంతిపూలు పెరటివి. అంగడిలో చెప్పిన 1,850 రూపాయలలో 1,450 మిగిలినవి. దానిలో కొంతతో అమ్మాయికి పరికిణీగుడ్డ కొంటిమి.

పైకము మిగిలినదని నేను సంతోషించితిని గాని, అమ్మాయి సంతోషము వేఱు. ఆ రాత్రి ఆమె ఫొటో చూచి ఒక స్నేహితురాలు, "ఇది ఎక్కడ కొన్నరు?" అని యడిగెనట. "కొనలే, కోసినం" అని మా యమ్మాయి బదులు చెప్పెనట. అందఱును మెచ్చుకొనలేదు. "గిది హాలోవీన్ ఎట్లయితది?" అని ఎగతాళి చేసినవారును కలరు. ఆ మాటకు ఆమె కొంచెము నొచ్చుకొన్నది, నా యొడిలో తలపెట్టి పండుకొన్నది. పదిమంది నడచు త్రోవ విడిచిన బిడ్డకు అంతమాత్రపు నొప్పి తప్పదు. తల్లి పక్కనుండిన చాలును.

తంగేడు వెదకిన నాడు

ఇంతవఱకు చెప్పినదంతయు సులభముగా తోచును. కష్టము మరుసటి యేడు తెలిసినది. 2025 సెప్టెంబరు 21న పెత్రమాస. ఎంగిలిపూలకు ముందునాడే పూలు కోసి నీట నుంచు అలవాటుచొప్పున నేను, మావారు, అమ్మాయి హసనుపర్తి వైపు బయలుదేరితిమి. నేను కాపురమునకు వచ్చిన నాటినుండి తంగేడు కోసికొను బీడొకటి అక్కడ నున్నది. ఉన్నదని పోతిమి. పోయి చూడగా నేల చదునుచేసి, రాళ్లుపాతి, ప్లాట్లు చేసియుండిరి. ఒక్క పొద లేదు. ఆ ప్రక్కనున్న మక్కచేనిలో ఏటేట గునుగు తెల్లగా విరిసియుండెడిది. కలుపుమందు కొట్టినందున అదియు లేదు.

తిరిగివచ్చుచు దారిలో పూలమ్ము అవ్వకడ ఇరువదిరూపాయలకు గుప్పెడు తంగేడు కొంటిమి. "ఒకప్పుడు తంగేడు అమ్ముతుంటే నవ్వేటోళ్లు బిడ్డా. ఇప్పుడు దొరకక నేనే ఊర్లు దాటి పోతున్న" అని యామె యన్నది.

ఆ మాట నా మనసున నాటుకొన్నది. 2014లో మన రాష్ట్రమేర్పడిన యేడు బతుకమ్మను రాష్ట్రపు పండుగగాను, తంగేడును రాష్ట్రపుష్పముగాను ప్రకటించిరి. పేరు పెట్టినంతమాత్రమున పూవు పూయదు గదా! ఊరక వచ్చు అలంకారమని మనము మురియుచున్నాము. కాని దేనినైనను నేల మనకు ఊరక ఇయ్యవలెనన్నచో ఆ నేలను ఎవరో ఒకరు మిగిల్చియుండవలెను. మన పెద్దలు బీడు మిగిల్చిరి గనుక మనకు పూలు దొరకినవి. మనము మిగిల్పనిచో మన మనుమరాండ్రు ప్లాస్టిక్కు తంగేడును సిబ్బిలో పేర్చవలసివచ్చును. అప్పుడు వారిని తప్పుపట్టుటకు మనకు నోరుండదు.

కనుక కొన్ని పనులు చేయుచున్నాము. పొద నెన్నడును పూర్తిగా దులుపము. నాలుగింట నొకవంతు పూలు కాయకట్టుటకు విడిచిపెట్టుదుము. గునుగుకొనలు ఎండినపిమ్మట నలిపినచో ఆవగింజకంటె చిన్నవైన నల్లని మెఱయు విత్తనములు రాలును. వానిని తొలకరికి గోడవార చల్లినచో చాలును, అవే మొలచును. తంగేడుగింజ పైపొర గట్టిది. దానిని వేడినీట వేసి రాత్రియంతయు నాననిచ్చి నాటినచో త్వరగా మొలకెత్తును. మెట్టనేలయైన చాలును, నీరు ఎక్కువ యక్కఱలేదు. ఒకప్పుడు దాని బెఱడు తోళ్లు పదునుచేయుటకు పనికివచ్చెడిది. నేడు మనకు పూవొక్కటే కావలెను.

రాష్ట్రమునందును, దూరదేశములందును నున్న మన సోదరీమణులకు కూడ ఈ మాట వర్తించును. అమెరికాలో నున్న మా యాడబిడ్డ తంగేడు దొరకక బంతి, చేమంతి, ఇంటివెనుక పూచిన అడవిపూలు కలిపి బతుకమ్మ పేర్చునట. ఆ తరువాత నెలలోనే గుమ్మమున గుమ్మడిదీపము పెట్టునట. "రెండు పండుగల పూలు, కాయలు ఒకే గుంతల వేస్తం వదినా, వచ్చే ఏడు అదే మన్నుల బంతి నాటుత" అని ఫోనులో చెప్పినది. అది విన్నప్పుడు నాకు కలిగిన తృప్తి చెప్పనలవిగాదు.

సోదరీమణులారా! ఏ పండుగ చేయవలెను, ఏది చేయగూడదు అని తీర్పుచెప్పుటకు నేను వ్రాయలేదు. అది ఎవరి యింటి మర్యాద వారిది. ఏ పండుగ చేసినను, ఏ వస్తువును గడపలోనికి తెచ్చుటకు ముందైనను, "మరునాడు ఇది యెక్కడికి పోవును?" అని ఒక్కసారి ప్రశ్నించుకొనుడు. పొయ్యిలోనికో, పెరటిలోనికో, పశువు మేతకో, పెట్టెలోనికో పోవునన్నచో తెండు. సమాధానము దొరకనిచో అంగడిలోనే యుండనిండు.

మా వంటయింటి గూటిలో కాగితపు పొట్లమొకటి యున్నది. అవ్వకడ కొన్న పూలతో చేసిన బతుకమ్మ చెఱువులో కలిసినది. ఈ పొట్లములోనివి, ఆ తరువాత దారివెంబడి మిగిలిన రెండు పొదలనుండి మేము ఏరి తెచ్చిన తంగేడుగింజలు. తొలకరి పడగానే బడి ప్రహరీవెంబడి పిల్లలచేత నాటించెదమని మావారు చెప్పుచున్నారు. పొట్లముమీద అమ్మాయి తన చేవ్రాతతో, "ఇది చెత్త కాదు" అని వ్రాసినది.